పునరుద్ధరణ అని ఎప్పుడు అనాలి, మరమ్మతు అని ఎప్పుడు అనాలి?

పునరుద్ధరణ అన్నది మరమ్మతుకే పెట్టిన పెద్ద పేరా, లేక దానికి వేరే అర్థం ఉందా, రోజువారీ వాడుకలో ఎక్కడ ఇముడుతుంది అని మీరు అడిగారు. హైదరాబాదులో పాత ఇళ్ల పనులు దగ్గరుండి చేయిస్తూ, ఇంటి యజమానులకు అంచనా పత్రాలను తెలుగులో రాసి ఇస్తుంటాను కనుక ఈ రెండు మాటలతోనూ నాకు నిత్యం పని పడుతుంది. సూటిగా చెప్పాలంటే, మరమ్మతు చేస్తే వస్తువు మళ్లీ పనికొస్తుంది. పునరుద్ధరిస్తే అది మునుపు ఎలా ఉండేదో అలా తిరిగి వస్తుంది. అందువల్ల పునరుద్ధరణ అనే మాట వాడేవారు ఆ మునుపటి స్థితి ఏమిటో చెప్పగలిగి ఉండాలి. అది చెప్పలేనప్పుడు ఆ మాటను వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పునః, ఉద్ధరణ అనే రెండు సంస్కృత పదాలు కలిసి ఈ మాట అయింది. ఉద్ధరణ అంటే పైకెత్తడం. పూజలో పంచపాత్రలోని నీళ్లను పైకి తీసే చిన్న గరిటెను ఉద్ధరిణె అంటాం కదా, అందులో ఉన్నదీ ఈ ఎత్తడమే. శిథిలమైన గుడిని తిరిగి నిలబెట్టడాన్ని జీర్ణోద్ధరణ అంటారు. ఆ మాట దాదాపుగా దేవాలయాలకే పరిమితమైపోయింది. మరమ్మతు మాత్రం అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది. హైదరాబాదులో తాపీ మేస్త్రీ, వడ్రంగీ, గడియారాలు బాగుచేసేవారూ అందరూ దాన్ని సహజంగా పలుకుతారు.

వాడుక విషయానికి వస్తే, పునరుద్ధరణ ప్రధానంగా రాతలో, ప్రకటనల్లో, వార్తల్లో కనిపించే మాట. గాలివానకు తీగలు తెగితే మర్నాడు పత్రికలో "విద్యుత్ సరఫరాను పునరుద్ధరించారు" అని చదువుతాం, ఇంట్లో మాత్రం "కరెంటు వచ్చింది" అంటాం. రైళ్ల రాకపోకల పునరుద్ధరణ, పాత పింఛను విధానం పునరుద్ధరణ అనే ప్రయోగాలు కూడా సరైనవే, ఎందుకంటే ఆగిపోయిన లేదా రద్దయిన ఏర్పాటు మునుపటిలాగే తిరిగి అమలులోకి రావడం వాటి అర్థం. ఇంటి వస్తువులకు దీన్ని వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. కుట్టు మిషన్‌ను బాగు చేయిస్తాం, ఇత్తడి గిన్నెకు కళాయి పూయిస్తాం, చిరిగిన పట్టుచీరకు రఫూ చేయిస్తాం. నిజానికి మంచి రఫూ పని పునరుద్ధరణే. ఆ బట్టలోంచే పోగులు తీసి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా నేసినట్టు అల్లుతారు. అయినా దాన్ని ఆ పేరుతో పిలవనక్కర్లేదు, రఫూ అన్న మాటే అందరికీ తెలుసు.

ఈ రెండు మాటల తేడా నాకు బాగా కనిపించేది పాత ఇళ్ల గోడల దగ్గర. సున్నంతో కట్టిన మందపాటి గోడ పెచ్చులు ఊడుతుంటే, చాలామంది దానిమీద సిమెంటు పూత వేయిస్తారు. కొన్నాళ్లు గోడ నున్నగా ఉంటుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక కింది భాగంలో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, వేలి కణుపుతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది, చివరికి పూత పలకలుగా ఊడిపోతూ లోపలి సున్నాన్ని కూడా లాక్కుని పడుతుంది. సున్నపు గోడ నేలలోంచి పీల్చుకున్న తేమను మెల్లగా గాలిలోకి వదులుతుంది. గట్టి సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. లోపల నిలిచిన తేమతోపాటు వచ్చిన లవణాలు పూత వెనుక గడ్డకట్టి దాన్ని బయటికి తోస్తాయి. ఇది మరమ్మతే, పైగా గోడకు హాని చేసిన మరమ్మతు.

అదే గోడను పునరుద్ధరించాలంటే ముందుగా ఆ సిమెంటును చిన్న ఉలితో, లోపలి ఇటుక అదరకుండా చెక్కి తీయాలి. గోడను ఆరనివ్వాలి. రాతి సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, వారాల తరబడి నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో వెన్నలా మెదిగేదాకా నూరి, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్లు చేర్చి పలుచని పొరలుగా పూయాలి. ఒక పొర కుదురుకున్న తర్వాతే ఇంకో పొర. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కప్పాలి. ఆ తర్వాత సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా తీసుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. బట్టీలో కాలకముందు అది రాయే కదా. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అంచనా పత్రంలో మరమ్మతు అని రాస్తే గుత్తేదారు సిమెంటు బస్తాలు దింపుతాడు, పునరుద్ధరణ అని రాస్తే "మొదట ఇది దేనితో కట్టారు?" అని అడగాల్సి వస్తుంది. అందుకే పత్రంలో ఆ మాట విషయంలో నేను పట్టుబడతాను.

నగరంలో దీనికి పెద్ద ఉదాహరణ గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు. 2013లో రాష్ట్ర ప్రభుత్వమూ ఆగాఖాన్ ట్రస్టూ కలిసి మొదలుపెట్టిన అక్కడి పని 2024లో ముగిసింది. 20వ శతాబ్దంలో వేసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నం వాడడం అందులో ముఖ్యమైన భాగం. అదే ప్రాంగణంలోని పెద్ద బావిలో 2013 వానలకు ఒక పక్క కూలిపోయింది. కూలిన మేరకు చేసింది పునర్నిర్మాణం; బావి మొత్తాన్ని తీసుకుంటే జరిగింది పునరుద్ధరణ. పునర్నిర్మాణమంటే లేనిదాన్ని తిరిగి కట్టడం, పునరుద్ధరణ అంటే ఉన్నదాన్ని కాపాడుకుంటూ పూర్వస్థితికి తేవడం, కాబట్టి ఒకే పనిలో రెండూ ఉండవచ్చు. ఈ బావితో సహా గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

చెరువుల విషయంలోనే ఈ మాట ఎక్కువగా దారి తప్పుతోందని నాకు అనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయ పథకాన్ని చెరువుల పునరుద్ధరణ అనడం సబబే. పూడిక తీయడం, కట్టను పటిష్ఠం చేయడం, తూములనూ అలుగులనూ సరిచేయడం ద్వారా చెరువు మునుపు పట్టినంత నీరు మళ్లీ పట్టేలా చేయడం దాని ఉద్దేశం. నగరంలో అదే పేరుతో జరిగే కొన్ని పనులు చూస్తే, నీళ్లు తెచ్చే కాలువ మూసుకుపోయే ఉంటుంది, అలుగు ఎటు పోయిందో తెలియదు, చుట్టూ మాత్రం నడకదారీ రంగు దీపాలూ వెలుస్తాయి. నడకదారి అక్కర్లేదని నేను అనను, ఉదయం నడిచేవారికి అది మేలే. కానీ దాన్ని సుందరీకరణ అనాలి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది, ఆ దారి తెరుచుకోకుండా పునరుద్ధరణ పూర్తయిందని ప్రకటిస్తే, కింది చెరువు పక్కన ఉండేవారికి తమ చెరువుకు నీళ్లు ఎందుకు రావడం లేదని అడిగే వీలు కూడా లేకుండా పోతుంది.

రాసేటప్పుడు "పునరుద్దరణ" అని ఒత్తు పోగొట్టకండి, ద కింద ధ వత్తు ఉండాలి. క్రియగా పునరుద్ధరించు అనండి. "పునరుద్ధరింపబడినది" అనడం కంటే "పునరుద్ధరించారు" అనడం హాయిగా ఉంటుంది, ఎవరు చేశారో చెప్పే వీలూ ఉంటుంది. ఫోన్‌లో పోయిన ఫొటోలూ నంబర్లూ బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకుంటే అది పునరుద్ధరణ. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోన్ కొన్నప్పటి స్థితికి వెళుతుంది, మీరు దాచుకున్నవి చెరిగిపోతాయి. కాబట్టి ఫోన్ బాగుచేసేవారు "అంతా మునుపటిలా చేసి ఇస్తాను" అంటే, ఏ మునుపటిలా అని ముందే అడగండి.