సైలెంట్ వ్యాలీకి వెళ్తున్న టీచరమ్మకు

దేవరకొండ

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో మీ టీచర్ల బృందం కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవికి, దాని అంచున ఉన్న అట్టప్పాడి గిరిజన ఊళ్లకు క్షేత్ర అధ్యయనానికి వెళ్తున్నదని తెలిసి సంతోషించాను. కాలం బాగానే ఎంచుకున్నారు. దసరాకు బయలుదేరి ఉంటే ఆ వానల తడిలో సగం పొద్దు కాళ్లకు పట్టిన జలగలను వదిలించుకోవడంతోనే సరిపోయేది. నల్గొండలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పాలక్కాడ్‌లో దిగవచ్చు, అక్కడి నుంచి మన్నార్కాడ్ మీదుగా ముక్కాలి చేరాలి.

బయలుదేరే ముందు ఒక ఆదివారం మన్ననూరు వెళ్లి నల్లమల అంచున మీటరు పొడవు, మీటరు వెడల్పు నేలను తాడుతో కొలిచి, రాలిన ఆకు ఎంత మందాన ఉంది, కింద మట్టి ఏ రంగులో ఉంది, నీడలో ఉష్ణోగ్రత ఎంత అన్నవి రాసుకో. సైలెంట్ వ్యాలీలో కూడా అధికారులు అనుమతించిన చోట ఇదే పని చెయ్యి. అడవి దట్టంగా ఉంటే నేల కూడా సారవంతమేనని పిల్లలే కాదు, మనలో చాలామంది టీచర్లు కూడా నమ్ముతారు. సైలెంట్ వ్యాలీ లాంటి సతత హరిత అరణ్యంలో రాలిన ఆకు తడికి, వేడికి, శిలీంధ్రాలకు తొందరగా కుళ్లిపోతుంది, ఆ పోషకాలను పైపైనే పరుచుకున్న వేళ్లు వెంటనే లాగేసుకుంటాయి. కాబట్టి సారంలో ఎక్కువ భాగం చెట్లలోనే ఉంటుంది, చెట్లు కొట్టేస్తే నేలలో మిగిలేది తక్కువ. రెండు కొలతలు పక్కపక్కన పెడితే ఈ పాఠం పిల్లలకు సులువుగా ఎక్కుతుంది. నమూనా కోసమని ఒక్క ఆకు కూడా తెంపవద్దు, జాతీయ పార్కులో అది నేరం, బొమ్మ గీసుకో.

ముక్కాలి నుంచి పార్కు లోపలి సైరంధ్రి దాకా 23 కిలోమీటర్లు అటవీశాఖ అనుమతించిన బండిలోనే పోవాలి. సింహపుతోక కోతి కనిపించకపోయినా నిరాశపడకు, అది తినే వెడిప్లావు చెట్టును చూపించమని గైడును అడుగు. అక్కడి కుంతిపుళ నది మీద తలపెట్టిన జలవిద్యుత్ ఆనకట్టను ఆపాలని కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ అనే ప్రజా విజ్ఞాన సంస్థ ఊరూరా ప్రచారం చేసింది. ఆ ప్రచారంలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎం.కె. ప్రసాద్‌తో పాటు మన వృత్తివాళ్లు ఎందరో ఉన్నారు. చివరకు ఆనకట్ట ఆగింది, 1984లో ఆ అడవి జాతీయ పార్కు అయింది. టీచర్ల బృందం ఈ సంగతి తెలియకుండా ఆ నది ఒడ్డున నిలబడడం నాకు నచ్చదు.

అయినా నా మాట వింటే పార్కుకు ఒక్క రోజు చాలు, మిగిలిన రోజులన్నీ అట్టప్పాడి ఊళ్లకే ఇవ్వండి. అక్కడ ఇరుళ, ముడుగ, కురుంబ జనం ఉంటారు. ఊరికి పెద్ద మూప్పన్; ఆయన అనుమతి, గిరిజనాభివృద్ధి శాఖ అనుమతి ముందే ఉత్తరం రాసి తీసుకోవాలి. మన్నుకారన్ అని మరొకరుంటారు; విత్తనం, నేల, సాగు వేళ ఆయనకు తెలిసిన విద్య. ఆయన దగ్గర విద్యార్థిలా కూర్చో. అట్టప్పాడి తూర్పు భాగం వానచాటున ఉంది కాబట్టి రాగి, సామ, కంది పండే మెట్టచేలు నీకు కొత్తగా అనిపించవు. వాళ్ల కందికి, మన తాండూరు కందికి 2022లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మాట కలపడానికి ఇంతకంటే మంచి దారి లేదు, ఒక కిలో తాండూరు పప్పు వెంట తీసుకెళ్లు. పిల్లలకు చాక్లెట్లు మాత్రం పంచవద్దు. 2013లో పోషకాహార లోపంతో ముడిపడిన అక్కడి పసిపిల్లల మరణాలు దేశమంతటా వార్తలయ్యాయి; వాళ్లంతట వాళ్లు ఎత్తితే తప్ప ఆ మాట నువ్వు ఎత్తకు.

ఒక పూట అక్కడి బడిలో గడుపు. ఇంట్లో ఇరుళ భాష మాట్లాడే పిల్లలు బడిలో మలయాళం చదువుతారు. మన తండాల పిల్లలు లంబాడీ మాటతో ఒకటో తరగతికి వచ్చినప్పుడు నువ్వు పడ్డ పాట్లు ఆ టీచర్లకూ తెలిసే ఉంటాయి. మొదటి ఏడాది ఏం చేస్తారో వివరంగా అడిగి, చెప్పింది చెప్పినట్టు ఆ రాత్రే రాసుకో. మనిషి ఒప్పుకుంటేనే ఫోటో తీయండి. తీసినవాటిని అచ్చు వేయించి ఆ బడి చిరునామాకు పంపడానికి అయ్యే ఖర్చును ఇప్పుడే బృందం లెక్కలో చేర్చండి.

ఇట్లు,
నీ పాత జీవశాస్త్రం సారు