బేడీలతో ముగిసే నాటిక

ప్రశ్న: మా కళాశాల విద్యార్థులు గొలుసు దొంగతనం మీద నాటిక వేస్తున్నారు. పదహారేళ్ల కుర్రవాడు, పందొమ్మిదేళ్ల స్నేహితుడు బైకు మీద వచ్చి, కూరగాయలు తెచ్చుకొంటున్న ఒక ఇల్లాలి మెడలో పుస్తెలతాడు తెంపుకొని పోతారు. చివర ఇద్దరికీ బేడీలు వేసి, ఒకే బోనులో నిలబెట్టి, పదేళ్ల శిక్ష వేస్తారు. పిల్లలు భయపడితేనే మారతారని దర్శకుడు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: ముందు చట్టం సంగతి చూద్దాం. గాయమేమీ కాకపోతే, ఇలా లాక్కొనిపోయినందుకు భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షను ప్రకారం గరిష్ఠ శిక్ష మూడేళ్లే కనుక, మీ పదేళ్ల శిక్ష పందొమ్మిదేళ్లవాడికి కూడా పడదు. పదహారేళ్లవాడు 2015 నాటి బాలల న్యాయ చట్టం కిందకు వస్తాడు. అతనికి బేడీలు వేయకూడదు, లాకప్‌లో ఉంచకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వేదిక గానీ బోను గానీ ఉండవు. ఒకే బైకు దిగిన ఇద్దరు స్నేహితులు ఆ రాత్రే వేరువేరు దారులు పట్టడంలో ఉన్న నాటకీయతను మీ రచయిత ఎందుకు వదులుకొన్నారో నాకు అర్థం కాలేదు.

ఇక భయం మాట. అమెరికాలోని న్యూజెర్సీలో 1970ల దశకంలో దారితప్పిన పిల్లలను జైలుకు తీసుకువెళ్లి, జీవితఖైదీల చేత బెదిరించే కార్యక్రమం మొదలై చాలాచోట్లకు పాకింది. తరువాత పరిశోధకులు లెక్కలు తీసి చూస్తే, అలా వెళ్లివచ్చిన పిల్లలే వెళ్లనివారికన్నా ఎక్కువగా నేరాల్లో చిక్కుకొన్నారని తేలింది.

మన నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు వృత్తిరీత్యా న్యాయవాది. ఆయన 'విషాద సారంగధర' నాటకంలో రాజరాజ నరేంద్రుడు తన రాణి చిత్రాంగి మాట నమ్మి, కొడుకు సారంగధరుడి మొర ఆలకించకుండానే కాళ్లూ చేతులూ నరకమంటాడు. మీ కుర్రవాడు సారంగధరుడిలా నిరపరాధి కాడు, నిజమే. అయినా అతని చేత కూడా నోరు విప్పించండి: గొలుసు అమ్మిన డబ్బు ఎవరి చేతికి పోయింది, బైకు ఎవరు నడిపారు, ముందుగా పురమాయించింది ఎవరు? పిల్లలను నేరానికి వాడుకొన్న పెద్దవారికి ఆ బాలల న్యాయ చట్టమే ఏడేళ్ల వరకు కఠిన శిక్ష పెట్టింది.

పర్యవసానమంటే శిక్ష ఒక్కటే కాదు గదా. గొలుసు పోగొట్టుకొన్న ఇల్లాలు మరునాడు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని, వెనుక బైకు చప్పుడు వినపడ్డప్పుడల్లా చేత్తో మెడ పట్టుకొంటుందని చూపండి. దానికి మాటలు అక్కరలేదు. కుర్రవాడి తల్లి వేరుశనగ కాయలు ఒలిచే కూలి ఆనాటికి వదులుకొని బోర్డు వరండాలో బల్ల మీద కూర్చుంటుంది. సాక్ష్యానికి వచ్చిన ఆ ఇల్లాలికీ అదే బల్ల దొరుకుతుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ఉండగా తెర దించండి. మన రంగస్థలానికి ఎంతో ఇష్టమైన ఆ 'ఆర్డర్, ఆర్డర్' సుత్తిని మాత్రం సామాను గదిలోనే వదిలేయండి.