ఎర్ర గీతలు చూసి కథ దాచేయకమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. పదో తరగతి దాకా ఒడియా మీడియం. తెలుగు ఇంట్లోనే, నానమ్మ దగ్గర నేర్చుకున్నాను. రచయిత్రిని కావాలని ఉంది. ఒక పత్రికకు కథ పంపితే ఎడిటర్ పేజీల నిండా ఎర్ర గీతలు పెట్టి, మళ్లీ రాసి పంపమన్నారు. వేరేవాళ్లు మారిస్తే అది నా కథెలా అవుతుంది? నాన్న సొంత డబ్బుతో పుస్తకం వేయిస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారికి ఒక మాట. ఆ డబ్బు ఇప్పుడే ప్రెస్సులో పెట్టకండి.

నువ్వు పంపిన పేజీలు ఆ గీతలతో సహా రెండుసార్లు చదివాను. ‘ఆ రాత్రి అందరం మెడ మీద పడుకున్నాం’ అని రాశావు. మేడ కాస్తా మెడ అయింది. ఇంకోచోట పేరు ‘పెరు’, కోడి ‘కొడి’. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒడియా లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. పదేళ్లు ఆ లిపికి అలవాటుపడిన చెయ్యి తెలుగులో దీర్ఘం మరిచిపోవడం సహజం. కానీ ఆ తప్పు నీ కంటికి ఎప్పటికీ కనపడకపోవచ్చు. మన రాత మనం చదువుకునేటప్పుడు కాగితం మీదున్నది చదవం, మనసులో ఉన్నది చదువుతాం. అందుకే ఇంకో మనిషి కావాలి. ఎంత పెద్ద రచయితకైనా ఇది తప్పదు.

ఇక అసలు సంగతి. నీ కథ మొదటి పేజీ అంతా మహేంద్రతనయ నది, సాయంత్రం ఎండ, మబ్బులు. రెండో పేజీలో నానమ్మ పాతపట్నం వెళ్లడానికి స్టేషన్‌కొచ్చి, కొంగుముడి విప్పి టికెట్ డబ్బులు లెక్కపెడుతుంది. పది రూపాయలు తక్కువ. అక్కడ ఎడిటర్ మార్జిన్‌లో ‘కథ ఇక్కడ మొదలుపెట్టండి’ అని రాశారు. ఆ మాటకి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆ కొంగుముడి దగ్గర నా ఊపిరి ఆగింది. ఆ తర్వాతి వాక్యం చూడు: ‘హృదయం బాధతో బరువెక్కగా, వణికే చేతులతో నానమ్మ రెండోసారి లెక్కపెట్టింది.’ ఎడిటర్ ‘నానమ్మ రెండోసారి లెక్కపెట్టింది’ అన్నంత వరకే ఉంచి మిగతాది కొట్టేశారు. రెండూ పైకి చదివి చూడు. బాధ రెండోదాంట్లోనే ఎక్కువ ఉంది. ఆ మూడు మాటలూ నీవే. ఎడిటర్ వాటికి అడ్డం ఉన్నవి తీశారంతే.

ఒక్కచోట మాత్రం నేను నీ పక్షం. నానమ్మ పక్కనున్న పిల్లని ‘గుంట’ అంటుంది, ‘ఏటైనాది’ అంటుంది. ఎడిటర్ ‘గుంట అంటే గొయ్యి కదా?’ అని అడిగి ‘పాప’ అని మార్చారు, ‘ఏటైనాది’ని ‘ఏమైంది’ చేశారు. మీ ఊళ్లోనే రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1936లో మీ ఊరు ఒడిశాలో కలిసినా నానమ్మ నోట ఆ తెలుగు ఇంకా బతికే ఉంది. దాన్ని వదులుకోవద్దు. అయితే ఎడిటర్ అడిగిన ప్రశ్న తప్పు కాదు. గోదావరి అవతలి పాఠకుడు ఆ మాట దగ్గర నిజంగానే ఆగిపోతాడు. ‘గుంటకి ఆరేళ్లు’ అని ముందే ఒక ముక్క పెట్టు, అందరికీ అర్థమైపోతుంది. వాళ్లు ఎక్కడ ఆగారో నమ్ము. ఎలా సరిచేయాలో నువ్వు తేల్చుకో. ఒప్పుకోనిచోట ఎందుకో రెండు వాక్యాల్లో మర్యాదగా రాసి పంపు. మంచి ఎడిటర్లు దానికి సంతోషిస్తారు.

నాన్నగారూ, డబ్బు తీసుకుని పుస్తకం వేసేచోట చాలాసార్లు డీటీపీ, ప్రూఫ్, ముఖచిత్రం మాత్రమే ఉంటాయి. ప్రూఫ్ చూసేవాళ్లు ‘మెడ’ని ‘మేడ’ చేస్తారు, మొదటి పేజీ అనవసరమని చెప్పరు. అచ్చయ్యాక చెప్పినా లాభం లేదు. పత్రిక ఎడిటర్ మీ అమ్మాయి కథ మీద అంత సమయం పెట్టారంటే అందులో ఏదో చూశారనే. నచ్చని కథకి అన్ని గీతలు ఎవరూ గీయరు.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. డిగ్రీ అయ్యాక ఇగ్నోలో దూరవిద్యలో బుక్ పబ్లిషింగ్ పీజీ డిప్లొమా ఉంది, ఎడిటింగ్ కూడా నేర్పుతారు. పత్రికల్లో సబ్ ఎడిటర్ ఉద్యోగం మరో దారి. కేంద్రం 2021లో మొదలుపెట్టిన పీఎం యువ పథకంలో, 30 ఏళ్లలోపు ఎంపికైన రచయితలకు ఆరు నెలలపాటు నెలకు 50 వేల రూపాయలు ఇచ్చి, పెద్దల దగ్గర నేర్చుకునే అవకాశం కల్పించారు. తెలుగులోనూ రాయొచ్చు, కాకపోతే వాళ్లిచ్చిన అంశం మీదే. కొత్త ప్రకటన కోసం నేషనల్ బుక్ ట్రస్ట్ వెబ్‌సైట్ చూస్తూ ఉండు. ఒడియా, తెలుగు రెండూ చదివి రాయగలవు కాబట్టి అనువాదం వైపు కూడా తప్పకుండా ఆలోచించు.

ఈ వారం మాత్రం ఒకటే పని. కథ కొంగుముడి దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. పంపేముందు నానమ్మకి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడైనా ‘అలాగెందుకంటాను?’ అని ఆపితే, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు.