‘ఆటే నేను’ అనుకునే తమ్ముడికి ఏం చెప్పాలి?

మీ తమ్ముడు కాంట్రాక్టు మీద కబడ్డీ ఆడతాడు, మ్యాచ్‌లో ఫెయిలైతే అన్నం కూడా తినకుండా గదిలోనే ఉంటాడు, ‘ఆడకపోతే నేనెవర్ని’ అంటాడు, ఇది జబ్బా అని అడిగారు.

అప్పుడే జబ్బనకండి. నేనూ తిరుపతిలో కబడ్డీ ఆడుతూ పెరిగినవాణ్ణే, కొన్నేళ్లు ఒక డిపార్ట్‌మెంట్ టీమ్‌కి ఆడి, మోకాలి లోపలుండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి ఆపేశాను. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కి పోతే పిల్లల నుంచి వాచ్‌మన్ దాకా అందరూ, కూతకెళ్లేవాణ్ణని, ‘రైడర్ అన్నా’ అనేవాళ్లు, పెళ్లికి పోయినా బాగున్నావా అని కాదు, నిన్న ఎన్ని పాయింట్లు అనే అడిగేవాళ్లు. చిన్నప్పటి నుంచి రోజూ అదే వింటే ఇంకేమనుకుంటాం? ఆపరేషన్ తర్వాత చేతికర్రతో గాంధీ రోడ్డులో నడుస్తుంటే తెలిసినాయన ‘మళ్లీ ఎప్పుడు దిగుతావు?’ అన్నాడు. మోకాలు సగం వంచడమే గగనమైన రోజులవి. నొప్పి కన్నా, ఆయనకు చెప్పడానికి నా దగ్గర వేరే మాటే లేకపోవడం ఎక్కువ భయపెట్టింది.

మీ తమ్ముడిదీ అదే భయం అనుకుంటాను. గెలిస్తే పోయేదీ కాదది. షూటర్ అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాక, ముందు లక్ష్యమేదీ లేకుండా పోయి డిప్రెషన్‌లో పడ్డానని ఆయనే చెప్పాడు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు జనం చూపిన ప్రేమ వల్లే, తన విజయాలకంటే, ఆటకంటే తాను ఎక్కువని మొదటిసారి నమ్మానని రాసింది. అంత గొప్ప జిమ్నాస్ట్‌కే అప్పటిదాకా ఆ నమ్మకం లేదు!

‘ఆటే కదా, వదిలెయ్’ అని మాత్రం అనొద్దు, అతని కష్టమంతా తీసిపారేసినట్టుంటుంది. ఇంటికొచ్చిన రోజు స్కోరు ఎత్తకండి. అతను లేకపోతే జరగని ఇంటిపని ఏదన్నా అప్పగించండి. నన్ను మా మామ దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాయమని కూర్చోబెట్టాడు. అక్కడ రైతులకు బెంగళూరా కాయ రేటు కావాలి, తూకం సరిగ్గా పడాలి, నా రైడింగ్‌తో ఎవరికీ పనిలేదు. సీజనంతా నన్ను మామ మేనల్లుడిగానే చూశారు, నాకు ప్రాణం లేచొచ్చింది. దానివల్ల ఆట మీద ఇష్టమేం తగ్గలేదు, ఇప్పటికీ సాయంత్రాలు పిల్లలకు రైడింగ్ నేర్పిస్తున్నాను.

తిండీ నిద్రా రెండు వారాలైనా దారికి రాకపోతే, లేదా చావు మాట ఎత్తితే, ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైములోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.