తిండి ముట్టని బాల్ పైథాన్ పిల్ల: ముందు గూడు సరిచేయండి, మేత సంగతి తర్వాత

ప్రశ్న: మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి పట్టుబట్టి 3 వారాల కిందట బాల్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ) పిల్లను తెచ్చుకున్నాడు. తెచ్చిన రోజు 62 గ్రాములు తూగింది, ఇప్పుడు 58. అమ్మినవాళ్ల దగ్గర బతికున్న చిట్టెలుక పిల్లల్ని మూడుసార్లు తిన్నదట. మేం గడ్డకట్టించి అమ్మే పింకీ ఎలుక పిల్లలను కరిగించి రోజు విడిచి రోజు పెడుతున్నాం, ముట్టడం లేదు. 40 గ్యాలన్ల గాజు తొట్టి, పైన ఎర్ర బల్బు, ఒక మూల చిన్న గూడు ఉన్నాయి. పిల్లవాడు రోజూ సాయంత్రం కాసేపు చేతిలోకి తీసుకుంటాడు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ పాలు పోసి చూడమంటోంది. తెలిసినవాళ్లు నోరు తెరిచి పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, నోరు తెరిచి పెట్టే పని చేయకండి. 62 నుంచి 58కి అంటే తగ్గింది ఆరున్నర శాతం. తొలిరోజు తూకంలో అంతకుముందు తిన్న మేత, మలం బరువు కూడా కొంత కలిసి ఉంటాయి. మీరు రాసిన వివరాల్లో జబ్బు లక్షణం ఒక్కటీ కనిపించడం లేదు. పిల్ల బెదిరిపోయి ఉంది, దానికి చాలినంత వేడి కూడా అందుతున్నట్టు లేదు.

బాల్ పైథాన్ సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల్లో పగలంతా ఎలుక కన్నాల్లో, చెదపుట్టల్లో ముడుచుకుని ఉండి చీకటిపడ్డాక బయటికి వస్తుంది. అలాంటి జీవిని, అందులోనూ జానెడున్నర పిల్లను, నాలుగువైపులా కనిపించే పెద్ద గాజు తొట్టిలో పెడితే తనను ఎవరో ఒకరు తినేస్తారన్న భయంతోనే ఉంటుంది. ఆ భయంలో దానికి వేట గుర్తుకు రాదు. దానికితోడు రోజు విడిచి రోజు ఎలుకను మూతి ముందు ఆడిస్తే, ఎలుక కనబడగానే ముడుచుకోవడం అలవాటవుతుంది.

కాబట్టి ఈ వారం మేత మాట మరిచిపోండి. సుమారు 6 లీటర్లు పట్టే, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని పక్కలకు గాలి రంధ్రాలు పెట్టండి. చిటికెన వేలంత సందు ఉన్నా పిల్ల జారిపోతుంది, మూత సరిచూసుకోండి. అడుగున పేపర్ టవల్ చాలు. దేవదారు, పైన్ రంపపు పొట్టు వద్దు, వాటి ఘాటు ఊపిరితిత్తులకు చేటు. తొట్టినే వాడాలనుకుంటే మూడువైపులా నల్ల కాగితం అంటించి, లోపల ఎండుటాకులు, గొట్టాలు, ప్లాస్టిక్ ఆకులతో ఖాళీ లేకుండా నింపండి. ఏదైనా సరే గూళ్లు రెండు ఉండాలి, ఒకటి వేడి చివర, ఒకటి చల్లని చివర. చుట్ట చుట్టుకున్నప్పుడు వీపు, పక్కలు గూడు గోడలకు తగలాలి. వదులుగా ఉన్న గూడు దానికి గూడు కిందే లెక్కకాదు.

వేడి చివర నేల 88–90 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లని చివర 77–80 ఉండాలి. ఎర్ర బల్బు తీసేయండి. డబ్బాలో మూడోవంతు కిందికి వచ్చేలా హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పరుపు) పరిచి, తప్పనిసరిగా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు కలపండి. థర్మోస్టాట్ లేని మ్యాట్ అట్ల పెనంలా కాలిపోతుంది. పొట్ట కాలుతున్నా ఈ పాములు చాలాసార్లు పక్కకు జరగవు. వేడి చాలకపోతే తిన్నది అరగదు, ఆకలీ వేయదు. మీ ప్రాంతంలో ఏసీ నడిచే ఇళ్లలో గాలి బాగా పొడిబారుతుంది. తేమ 60–70 శాతం ఉండేలా చూడండి, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువున్నా మంచిదే. నీళ్ల గిన్నె రోజూ కడిగి నింపండి.

ఇలా సర్ది 7 రోజులు చేయి పెట్టకండి, నీళ్లు మార్చడం తప్ప. అబ్బాయికి కష్టంగానే ఉంటుంది, కానీ ఆ పిల్లకు ప్రస్తుతం కావలసిన మందు అదే.

ఎనిమిదో రోజు మేత. పింకీ అంటే కళ్లు తెరవని, బొచ్చు రాని పిల్ల, ఒకటి రెండు గ్రాములుంటుంది. బొచ్చు వచ్చిన ఎలుకను తిన్న పాముకు అది మేతలా అనిపించదు. 58 గ్రాముల పాముకు ఒంటి బరువులో 10–15 శాతం, అంటే 6–9 గ్రాముల చిట్టెలుక హాపర్ (బొచ్చు వచ్చి, గెంతడం మొదలుపెట్టిన పిల్ల) సరిపోతుంది. ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. మర్నాడు సాయంత్రం జిప్ కవర్లో పెట్టి, చేయి పట్టేంత వేడి నీళ్లలో అరగంట ఉంచండి. పొట్ట నొక్కి చూస్తే లోపల గట్టి ముద్ద తగలకూడదు. మైక్రోవేవ్‌లో పెట్టవద్దు, ఎలుక లోపల ఉడికి పొట్ట పగులుతుంది. తీశాక తుడిచి, ఇచ్చే ముందు తలకు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పట్టించి 100 డిగ్రీలకు తెండి. దీని పెదవుల వెంట వరుసగా చిన్న గుంటలు ఉంటాయి, గమనించండి. చీకట్లో ఒంటివేడిని పసిగట్టేవి అవే. చల్లగా ఉన్న ఎలుక వాటి లెక్కలో ఎలుకే కాదు.

లైట్లు ఆర్పి, పొడవైన పట్టకారుతో ఎలుకను నడుం దగ్గర పట్టుకుని, గూడు వాకిట్లో రెండు మూడు అంగుళాల దూరాన మెల్లగా కదిలించండి. మూతికి తాకించకండి. నాలుక వేగంగా ఆడుతూ, మెడ ఎస్ ఆకారంలో వంగితే దాడికి సిద్ధమైనట్టే. పట్టి చుట్టేశాక మీరు కదలకండి, చప్పుడైతే వదిలేస్తుంది. అలా కాక పాము తల దాచుకుని ముడుచుకుంటే పట్టకారు వెనక్కి తీసి, ఎలుకను వాకిట్లో వదిలి డబ్బా మూసేయండి. తెల్లారేసరికి ఉంటే పారేయండి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టవద్దు.

తినకపోతే మరో 6–7 రోజుల దాకా పెట్టకండి. రెండోసారి, ఎలుకలమ్మే దుకాణంలో చిట్టెలుకలు తిరిగిన పొట్టు పిడికెడు తెచ్చి, కరిగించిన ఎలుకను అందులో దొర్లించండి. మూడోసారీ కాదంటే, దానికి అలవాటైన బతికున్న హాపర్‌నే ఇవ్వండి. పక్కనే కూర్చోండి, 15 నిమిషాల్లో పట్టకపోతే తీసేయండి. ఎలుకను పాముతో రాత్రంతా వదిలేస్తే అది పామునే కొరుకుతుంది. వరుసగా మూడుసార్లు తిన్నాక, కరిగించిన దానికి మార్చే ప్రయత్నం మళ్లీ మొదలుపెట్టవచ్చు. తిన్న 48 గంటలు ముట్టుకోకండి. కక్కేస్తే 10–14 రోజులు ఆగి, సగం సైజు మేతతో మొదలుపెట్టండి.

పాల విషయం అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మన భక్తి. పాముకు పాలు ఆహారం కాదు, అరగవు. కోడిమాంసం ముక్కలు, విటమిన్ చుక్కలు కూడా అక్కర్లేదు. బొమికలతో సహా ఎలుక మొత్తంలో దానికి కావలసినవన్నీ ఉన్నాయి.

వారానికోసారి గ్రాముల తూకంలో, ఒకే వేళకు తూచి రాయండి. 55కి దిగితే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. సరీసృప, ఉభయచర పశువైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ జాబితాలో మీ దగ్గరివాళ్లు దొరుకుతారు. అవసరమైతే నోట్లో పెట్టి తినిపించడం వారే చేయాలి. తెలియని చేతుల్లో దవడ దెబ్బతింటుంది, ఊపిరి గొట్టంలోకి మేత పోతుంది.

తూకం సంగతి ఎలా ఉన్నా కొన్ని కనిపిస్తే ఆగకండి: ఊపిరి తీస్తుంటే టిక్కుటిక్కు శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి తల పైకెత్తి ఉంచడం. ఇవి ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. నీళ్ల గిన్నెలో ఆవగింజలో సగమంత నల్ల చుక్కలు కనిపిస్తే మైట్లు (రక్తం పీల్చే చిన్న పురుగులు) పట్టినట్టే. పేపర్ టవల్ వెంటనే మార్చి, వైద్యుడు చెప్పిన మందే వాడండి. కుబుసం ముక్కలుగా ఊడి కంటిమీద పొర మిగిలితే పట్టకారుతో లాగకండి, తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా చూడండి. ఒకవేళ మీది స్పైడర్ అనే రంగు రకమైతే తల ఊగడం దాని పుట్టుకలోనే ఉంటుంది. గురి తప్పుతుంది, పట్టుకునే వ్యవధి ఎక్కువ ఇవ్వండి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే దూరంగా ఉంచండి. పామునుగానీ, ఎలుకనుగానీ తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, లేకపోతే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకవచ్చు.

ఇది చదువుతున్న మన ఊళ్ల రైతులకు ఒక మాట. పొలంలో దొరికే కొండచిలువ పిల్లను ఇంటికి తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జీవి, పెంచడం నేరం. అటవీ శాఖకు కబురు చేయండి. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతిని మన దేశంలో ఉంచుకున్నవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

మళ్లీ రాసేటప్పుడు మూడు వారాల తూకాలు, వేడి చివర, చల్లని చివర ఉష్ణోగ్రతలు, తేమ, చివరిసారి కుబుసం విడిచిన తేదీ పంపండి. అప్పటికీ ముట్టకపోతే తర్వాత ఏం చేయాలో ఆ అంకెలు చూసి చెప్తాను.