రాత్రి డింగీని నీళ్ళల్లోనే వదిలేస్తున్నారా?

తెరచాప పడవల మీద దూరప్రయాణాలు చేసే పాఠకులు ఈమధ్య రాసిన ఉత్తరాల్లో దొంగల గురించి అడిగినవే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. డింగీ అంటే లంగరు వేసిన పడవ నుంచి ఒడ్డుకు వెళ్ళిరావడానికి వాడే చిన్న పడవ.

ప్రశ్న: నమస్తే అండీ. మావారు రిటైరయ్యాక 38 అడుగుల సెయిల్‌బోట్ కొన్నారు. ఇద్దరమే మెల్లగా ప్రపంచం చుట్టి రావాలని ఆశ. పిల్లలేమో సోమాలియా దొంగల వీడియోలు పంపించి "అమ్మా, వద్దు" అంటున్నారు. మావారు ఒక తుపాకీ పెట్టుకుంటే చాలంటున్నారు. నాకు ఆ మాట వింటేనే టెన్షన్‌గా ఉంది. నిజంగా ప్రమాదం ఎంత?

జవాబు: అమ్మా, పిల్లలది ఉత్తుత్తి భయం కాదు. 2009 అక్టోబరులో సీషెల్స్ నుంచి బయల్దేరిన ఒక బ్రిటిష్ జంటను సోమాలియా దొంగలు సముద్రం మధ్యలోనే పట్టుకుపోయి 388 రోజులు బందీలుగా ఉంచారు. 2011 ఫిబ్రవరిలో 'క్వెస్ట్' అనే పడవలో ఒమన్ వైపు వెళ్తున్న నలుగురు అమెరికన్లను పట్టుకుని, అమెరికా యుద్ధనౌకలు పక్కనే ఉన్నా, చివరికి నలుగురినీ చంపేశారు. యుద్ధనౌక పక్కన ఉండి కూడా కాపాడలేకపోయిందంటే ఒకసారి దొంగ పడవెక్కాక మన చేతుల్లో ఎంత మిగులుతుందో ఆలోచించండి.

మనది ఐదారు నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు పది కిలోమీటర్లు పోయే పడవ, నీటి మీద నుంచి డెక్ ఎత్తు మీటరో అంతకన్నా కాస్త ఎక్కువో ఉంటుంది. పెద్ద సరకు నౌకలు వేగం పెంచి, చుట్టూ ముళ్ళతీగ కట్టి, గొట్టాలతో నీళ్ళు చిమ్మి తప్పించుకుంటాయి, మనకు ఆ మూడూ లేవు. కాబట్టి మీ రక్షణ అంతా మ్యాప్ ముందు కూర్చున్నప్పుడే తేలిపోతుంది. ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖ దారిని వదిలేయండి, ఇది నా గట్టి మాట. మధ్యలో కొన్నేళ్ళు సోమాలియా దొంగలు తగ్గడంతో 2023 జనవరి 1న నౌకాసంస్థలు హిందూ మహాసముద్రానికి పెట్టిన 'హై రిస్క్ ఏరియా' హోదాను ఎత్తేశాయి, కానీ ఆ ఏడాది నవంబరులోనే ఎర్రసముద్రంలో నౌకల మీద యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాయి, డిసెంబరులో సోమాలియా దొంగలు మళ్ళీ ఒక పెద్ద నౌకను పట్టుకున్నారు. ఐదేళ్ళ కిందట వెళ్ళొచ్చినవాళ్ళు "ఏమీ కాలేదు, మేము పోలేదా" అంటే నమ్మి బయల్దేరకండి.

మరి ఎటు? మారిషస్, రీయూనియన్ మీదుగా దక్షిణాఫ్రికా చుట్టి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాటి వెళ్ళడమే. అది కూడా సులువైన దారి కాదు. దక్షిణాఫ్రికా తూర్పు తీరం వెంట పోయే అగుల్హాస్ ప్రవాహానికి ఎదురుగా నైరుతి గాలి కొడితే అలలు భయంకరంగా లేస్తాయి, అందుకే అక్కడివాళ్ళు రేవులో రోజులకు రోజులు వాతావరణం కోసం కాచుకుని కూర్చుంటారు. తుపానుల కాలం నవంబరులో మొదలవుతుంది, కాబట్టి ఆలోపే మారిషస్ ప్రాంతం విడిచి పోవాలి. అయినా గాలిని ముందే అంచనా వేయొచ్చు, ఆగొచ్చు. తుపాకీ పట్టుకున్నవాడితో ఆ వీలు ఉండదు.

ఇక మిగతా చోట్లు. ఫిలిప్పీన్స్ దక్షిణాన సులు సముద్రంలో పడవల మీది విదేశీయులను ఎత్తుకుపోయిన సంఘటనలున్నాయి. 2015 సెప్టెంబరులో అయితే సమాల్ దీవిలో ఏకంగా పడవలు నిలిపే మెరీనాలోంచే తీసుకుపోయారు. కరీబియన్‌లో ట్రినిడాడ్, గ్రెనడా మధ్య 2015 చివర్లో పడవల మీద సాయుధ దాడులు జరిగాక, ఆ దారిలో వెళ్ళేవాళ్ళు ఎప్పుడు బయల్దేరుతున్నారో, ఏ దారిలో పోతున్నారో ట్రినిడాడ్ కోస్ట్ గార్డ్‌కు ముందే రాసిచ్చే అలవాటు వచ్చింది. బయల్దేరే ముందు కౌలాలంపూర్‌లోని ఐఎంబీ (ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో) పైరసీ రిపోర్టింగ్ సెంటర్ మ్యాప్ చూడండి, 1992 నుంచి వాళ్ళ పనే ఇది. హిందూ మహాసముద్రం వైపైతే నౌకల భద్రత చూసే బ్రిటిష్ కేంద్రం యూకేఎంటీఓ ఇచ్చే హెచ్చరికలు కూడా చూడాలి. పాత సమాచారం చూసి వెళ్ళడం కన్నా ఒక వారం ఆగి వెళ్ళడం మేలు.

తుపాకీ గురించి మీ భయమే సరైంది. న్యూజిలాండ్‌కు రెండుసార్లు తెరచాప పడవల పందెం అమెరికాస్ కప్ గెలిపించిన సర్ పీటర్ బ్లేక్ 2001 డిసెంబరులో అమెజాన్ ముఖద్వారం దగ్గర లంగరు వేసుకుని ఉండగా ముసుగు దొంగలు పడవెక్కారు. ఆయన రైఫిల్ తీసి కాల్చారు, ఒకడి చేతికి తగిలింది, అంతలో రైఫిల్ మొరాయించింది, వాళ్ళు ఆయన్ని కాల్చి చంపేశారు. దొంగలు పట్టుకుపోయింది ఒక 15 హార్స్‌పవర్ మోటారు, కొన్ని చేతిగడియారాలు. అంత అనుభవం ఉన్న నావికుడు, చుట్టూ సిబ్బంది ఉన్న పెద్ద పడవ మీద! ఇది మీవారికి చదివి వినిపించండి. పైగా చాలా దేశాల్లో రేవులోకి రాగానే అక్కడి అధికారులకు తుపాకీ సంగతి చెప్పాలి, మళ్ళీ బయల్దేరేదాకా వాళ్ళే ఉంచుకుంటారు. చెప్పకుండా దాచి దొరికితే జైలే.

ప్రశ్న: లంగరు వేసిన చోట మా డింగీ పోయింది సార్, మోటారుతో సహా. వైరు తాళం కూడా వేశాం. ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: పడవల నుంచి దొంగలు ఎత్తుకుపోయేవాటిలో డింగీ, దాని వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారే ముందుంటాయి. డింగీ లేకపోతే ఒడ్డుకు పోవడానికే ఉండదు, నీళ్ళు, సరుకులు, డాక్టరు అన్నీ ఆగిపోతాయి, అందుకే ఇది చిన్న దొంగతనం అనుకోవద్దు.

ఇది నాకూ జరిగింది. రాత్రి అలసిపోయి, పొద్దున్నే ఎత్తుదాంలే అని డింగీని పడవ వెనక తాడుతో కట్టి వదిలేశాను. తెల్లారి కాక్‌పిట్‌లోకి వస్తే తాడు నీళ్ళల్లో తేలుతోంది. చేతిలోకి తీసుకుని చూస్తే చివర చీలికలు పేలికలుగా లేదు, కత్తితో ఒక్క వేటుకు కోసినట్టు నున్నగా ఉంది. నేను పడుకున్న చోటు ఆ తాడుకు రెండు బారల దూరం కూడా లేదు, అయినా ఏ చప్పుడూ వినలేదు. వాళ్ళు మోటారు వేసుకుని రారు, ఈదుకుంటూనో చిన్న తెడ్డు పడవలోనో వస్తారు.

మీ వైరు సంగతికి వస్తే, ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు వైరును చేతిలో పట్టే కట్టర్ కూడా కోసేస్తుంది. కనీసం 8 మిల్లీమీటర్ల స్టీలు గొలుసు వాడండి, దాన్ని డింగీ, మోటారు, పెట్రోలు ట్యాంకు మూడింటి మీదుగా దూర్చి తాళం వేయండి. ఇది పగలు రేవులో వదిలినప్పటి మాట. రాత్రికి గొలుసు ఒక్కటే చాలదు, నీళ్ళల్లోంచి పైకెత్తాలి. తెరచాప ఎత్తే హాలియార్డ్‌కే మూడు కొక్కేల తాడు తగిలించి, డింగీని పడవ పక్కన డెక్ ఎత్తుకు లేపి, అప్పుడు గొలుసు వేయండి. మోటారు విప్పి వెనక రెయిలింగ్ మీద వేరే తాళంతో పెట్టండి. మొదటి రెండు వారాలు విసుగ్గా ఉంటుంది, తర్వాత పళ్ళు తోముకున్నట్టే అలవాటైపోతుంది. కరీబియన్‌లో తిరిగేవాళ్ళు అనుకునే మాట కూడా ఇదే: ఎత్తండి, తాళం వేయండి, లేదంటే పోగొట్టుకోండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. కొత్త మోటారు మీద కంపెనీ పేరు, హార్స్‌పవర్ అంకె మెరుస్తూ కనిపించకుండా రంగు పూసేయండి, అందం పోయినా పర్లేదు. డింగీ మీద మీ పడవ పేరు రాయకండి. రేవులో ఆ పేరు చూసినవాడికి ఏ పడవలో మనుషులు లేరో ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: రాత్రి నిద్రలో డెక్ మీద అడుగుల చప్పుడు వినిపిస్తే ఏం చేయాలి? నేను ఒంటరిగా ప్రయాణించే అమ్మాయిని.

జవాబు: పైకి వెళ్ళకమ్మా. ముందు ఆ మాట గుర్తుపెట్టుకో. లోపలి వెలుతురులోంచి చీకట్లోకి తల బయటపెడితే నువ్వు వాడికి కనిపిస్తావు, వాడు నీకు కనిపించడు. పడుకున్న చోటి నుంచే చేతికందేలా డెక్ లైట్ల స్విచ్ పెట్టించుకో. లైట్లన్నీ వేసి, గాలి హారన్ మోగించి, గట్టిగా కేకలు వేయి. పక్కన పడవలుంటే పడవలోని వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపద పిలుపులకు వాడే 16వ ఛానెల్లో పిలువు. చాలామంది దొంగలకు కావాల్సింది చడీచప్పుడూ లేకుండా తీసుకుపోవడమే, అందరూ లేచారనుకుంటే దూకి వెళ్ళిపోతారు. వాళ్ళు పోయేదాకా నువ్వు లోపలే ఉండు, దారికి అడ్డం పడకు.

రేడియోలో ఎర్ర మూత కింద ఉండే, ఆపద తెలిపే డిస్ట్రెస్ బటన్ నొక్కిపట్టి ఉంచడం ఇప్పుడే నేర్చుకో. దానికి జీపీఎస్ కలిపి, నీ పడవ రేడియోను గుర్తించే ఎంఎంఎస్ఐ నంబరు ఎక్కించి ఉంటే నువ్వు ఎక్కడున్నావో దగ్గర్లోని పడవలకూ తీర కేంద్రాలకూ వెళ్ళిపోతుంది. మెనూలో సముద్రపు దొంగల దాడికి వేరే ఎంపిక కూడా ఉంటుంది, పగలు ఖాళీగా ఉన్నప్పుడు వెతికి చూసుకో, కానీ ఆ బటన్ మాత్రం నొక్కకు.

పడుకునేముందు మెట్ల తలుపు లోపలి నుంచి వేసుకో. వేడి ప్రాంతాల్లో ఊపిరాడదు కాబట్టి స్టీలు ఊచల చట్రం చేయించుకుంటే గాలి వస్తుంది, మనిషి రాడు. అయితే ఆ చట్రం తాళంచెవి లేకుండా లోపలి నుంచి ఒక్క లాగుతో రావాలి, లేకపోతే మంటలొచ్చినప్పుడు అదే ప్రాణం తీస్తుంది. ఇంత చేసినా ఆయుధంతో ఎవరైనా లోపలికే వచ్చేస్తే, ఎదురు తిరగకు, అడిగింది ఇచ్చేయి. కొంత డబ్బు, పాత ఫోను ఒకటి చేతికందే డ్రాయర్‌లో అందుకోసమే పెట్టుకో, అసలు డబ్బు, పాస్‌పోర్టు వేరే చోట. ఇంకొకటి, ఎక్కడున్నావో ఫొటోలతో సహా అదే రోజు ఆన్‌లైన్లో పెట్టకు, ఆ చోటు వదిలాక పెట్టు. ఒంటరిగా ఉన్నానని రేవులో కొత్తవాళ్ళకి చెప్పాల్సిన పనీ లేదు, "లోపల మా అన్నయ్య నిద్రపోతున్నాడు" అంటే సరిపోతుంది.

ప్రశ్న: సముద్రం మధ్యలో చేపల పడవలు వేగంగా మా మీదికే వస్తే గుండె జారిపోతోంది. దొంగలో కాదో ఎలా గుర్తుపట్టాలి? మా పడవ ఎక్కడుందో చుట్టూ ఉన్న ఓడలకు రేడియోలో చెప్పే ఏఐఎస్ పరికరం ఆపేయాలా?

జవాబు: చాలాసార్లు వాళ్ళు తమ వల కాపాడుకోవడానికే వస్తారు. మీ పడవ అడుగునుండే కీల్‌కో ప్రొపెల్లర్‌కో వల చుట్టుకుంటే వాళ్ళ కూడు పోయినట్టే, అందుకే చేతులూపుతూ పక్కకు తప్పుకోమంటారు. కొందరు మంచినీళ్ళో సిగరెట్లో అడుగుతారు. పడవలో వలలు, వాటిని తేల్చే బుడ్లు, ఐసు పెట్టెలు ఉన్నాయేమో బైనాక్యులర్‌తో చూడండి. పెద్ద మోటారు, ఎక్కువమంది మనుషులు, వలలు లేవు, పైగా నిచ్చెనో కొక్కేలో కనిపిస్తున్నాయా, అప్పుడు నిజంగా జాగ్రత్తపడాలి: దారి మార్చండి, ఆగకండి, పడవలో ఉన్నవాళ్ళంతా డెక్ మీద కనిపించండి, రేడియోలో గట్టిగా మాట్లాడుతూ ఉండండి. మామూలు జాలర్లయితే నవ్వి చెయ్యూపండి, వాళ్ళు చూపిన వైపే తిప్పండి.

ఏఐఎస్ మీద నావికుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. నేనైతే ఓడలు ఎక్కువగా తిరిగే చోట ఆపను, రాత్రిపూట పెద్ద నౌక గుద్దే ప్రమాదమే దొంగలకన్నా దగ్గర్లో ఉంటుంది. అనుమానం ఉన్న తీరంలో మాత్రం పంపడం ఆపి, అందుకోవడం ఒక్కటే ఉంచుతాను.

ప్రశ్న: మోటారు పోతే బీమా వస్తుందా?

జవాబు: తాళం వేసి ఉన్నట్టు, దాన్ని పగలగొట్టినట్టు చూపమని చాలా పాలసీలు అడుగుతాయి. తెగిన గొలుసు పారేయకండి, ఫొటో తీయండి, సీరియల్ నంబరు ముందే రాసిపెట్టుకోండి, ఆ రోజే పోలీసు రిపోర్టు తీసుకోండి. పాలసీలో ఏ సముద్రాలు మినహాయించారో కూడా చదవండి, అనుమతి లేకుండా ఆ హద్దు దాటితే బీమా వర్తించకపోవచ్చు.