బోటనీ చదివినవాళ్ళకి పాత డచ్ పూల పెయింటింగ్స్ మీద కెరీర్ ఉంటుందా?

ఉంటుందండీ, జీతం సంగతే తర్వాత చెప్తా. నేను వైజాగ్‌లో ఎమ్మెస్సీ బోటనీ చేశా, పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వల్ల నెదర్లాండ్స్‌లోని హేగ్ వచ్చి పడ్డా. మొదటి చలికాలం ఇంట్లో ఊసుపోక మారిత్స్‌హౌస్ మ్యూజియంకి వెళ్తే అక్కడ బోషార్ట్ అనే ఆయన 1618 ప్రాంతంలో వేసిన బొమ్మ, మూరన్నర లోపే ఉంటుంది, కిటికీలో గాజుపాత్ర, దాన్నిండా పూలు. అందరూ అబ్బ ఎంత బావుందో అంటుంటే నాకేమో ట్యులిప్ ఏప్రిల్, మేలో పూస్తుంది కదా, గులాబీ జూన్‌కి గానీ రాదు కదా, రెండూ ఒకే గుత్తిలోకి ఎలా వచ్చాయి అని ఒకటే గోల.

అసలు అలాంటి గుత్తి ఎప్పుడూ లేదట. ఏ పువ్వుకాపువ్వు విడిగా చూసి, గీసి పెట్టుకుని తర్వాత కలిపేవాళ్ళు, అందుకే బోషార్ట్‌వి నాలుగు బొమ్మలు పక్కపక్కన పెడితే అదే పువ్వు అదే వంపుతో మళ్ళీ దొరుకుతుంది. కొందరైతే పువ్వు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. యాన్ వాన్ హౌసుమ్ అనే పూల చిత్రకారుడు 1742లో ఒక కస్టమర్‌కి రాశాడు, పసుపు రంగు గులాబీ దొరకలేదు, లేకపోతే మీ బొమ్మ ఎప్పుడో అయిపోయేదని. (మా టైలర్ కూడా ఇంచుమించు ఇదే చెప్తాడు.)

ఈ రంగంలో సామ్ సేగల్ పేరు మీకు పదేపదే తగులుతుంది. ఆయన కూడా మొదట బయాలజీ మనిషే, పూలని గుర్తుపట్టే కన్నుతోనే ఆర్ట్ హిస్టరీలోకి వచ్చాడు. క్లారా ఆలెన్‌తో కలిసి రాసిన రెండు సంపుటాల పుస్తకం ఆయన పోయాక 2020లో వచ్చింది, బరువు చూస్తే భయమేస్తుంది.

అయితే బోటనీ ఒక్కటే చాలదు, అది నాకు సిగ్గుపడేలా తెలిసింది. ఆర్ట్ హిస్టరీ క్లాసులో చేరిన కొత్తలో ఒక బొమ్మలో ఆకులు నీలంగా ఉంటే ఇదేదో అరుదైన మొక్క అని రెండు పేజీలు రాసి ఇచ్చా. మా మేడం చదివి నవ్వి, ఆకు పచ్చగానే వేశాడమ్మా, నీలం మీద పసుపు రంగు పూస్తే వచ్చిన పచ్చ అది, మొక్కల నుంచి తీసిన ఆ పసుపు వెలుతురికి వెలిసిపోయి అడుగు నీలం మిగిలింది అన్నారు. అప్పట్నుంచీ ముందు రంగు సంగతి, తర్వాతే మొక్క.

రివర్స్‌లో బోటనీ కాపాడిన రోజులూ ఉన్నాయి. ట్యులిప్ రేకుల మీద ఆ మంటల్లాంటి చారలు, జనం 1637 దాకా ఎగబడి కొన్నవి, అవి పేనుబంక మోసే వైరస్ తెగులు. నాకది చూడగానే పొలంలో ఆకు మీద మచ్చలు తెచ్చే మొజాయిక్ వైరస్ తెగులు గుర్తొచ్చింది. ఇంకోటి, ఆ బొమ్మల్లో మన బంతిపువ్వు కూడా కనిపిస్తుంది, మన గుమ్మానికీ వాళ్ళ గాజుపాత్రకీ రెండిటికీ మెక్సికో నుంచే వచ్చింది.

ఇక జీతం. పర్మనెంట్ పోస్టులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, నేను వారానికి రెండ్రోజులు కేటలాగింగ్ చేస్తా, మిగతా రోజులు ఆఫీసులో వేరే ఉద్యోగం. డచ్ భాష తప్పనిసరి, పాత చేతిరాత చదవడం ఇంకా కష్టం. ఇల్లు కదలకుండా టెస్ట్ చేసుకోవాలంటే ఆర్‌కేడీ (నెదర్లాండ్స్ ఆర్ట్ హిస్టరీ సంస్థ) వాళ్ళ ఇమేజ్ డేటాబేస్ ఫ్రీగా ఉంది, ఒక బొమ్మ తీసుకుని ప్రతి పువ్వు పక్కన అది పూసే నెల రాయండి, గంటయ్యాక కూడా విసుగు రాకపోతే అప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, అడ్మిషన్ల సంగతి మాట్లాడదాం.